మ్యూనిక్ నగర బీరుశాలలు: రుచి, రాజ్యం, స్మృతి

వ్యాససంగ్రహం:

జర్మనీలోని బవేరియా రాష్ట్ర రాజధాని మ్యూనిక్. ఒకటి రెండు రోజుల వ్యవధితో ఈ నగరానికి వచ్చే సందర్శకులు మారియన్‌ప్లాట్జ్ కూడలిని, దాని పక్కనున్న విక్టువాలియన్‌మార్క్ట్ అంగడిని, హోఫ్‌బ్రాయ్‌హౌస్ బీరుశాలను, రాజప్రాసాదాన్ని చూసి, స్థానికమైన భోజనం రుచి చూసి వెళ్తారు. ఈ స్థలాలన్నీ నడకదూరంలోనే ఉన్నాయి. ఆ నడకదారిని ఒక చారిత్రక ఆధారంగా స్వీకరించి, ఆహారపానీయాలకూ రాజ్యాధికారానికీ మధ్య మ్యూనిక్‌లో ఏర్పడిన సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వేసవిలో బీరు కాచరాదన్న 16వ శతాబ్దపు నిబంధన నేలమాళిగలకు, నేలమాళిగలు చెట్టునీడ బీరుతోటలకు, అవి విశాలమైన సభాశాలలకు దారితీసిన క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ సభాశాలలే 20వ శతాబ్దపు రాజకీయాలకు వేదికలయ్యాయి. నేడు నిలిచి ఉన్న కట్టడాలతో పాటు కనుమరుగైన వాటిని కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే ఈ నగర చరిత్ర సమగ్రంగా అర్థమవుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మ్యూనిక్, బవేరియా, బీరుశాలలు, ఆహారచరిత్ర, నగరచరిత్ర, 1516 శాసనం, చారిత్రక స్మృతి.

1. ఉపోద్ఘాతం:

ఒక నగరాన్ని అక్కడి తిండిద్వారా, సరుకుల ద్వారా తెలుసుకోవడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన కాశీయాత్రను వివరించే గ్రంథంలో మజిలీల వసతులు, దొరికే వస్తువులు, సుంకాలు చోటుచేసుకున్నాయి. ఆనాటి యాత్రికుడికి అవి ప్రయాణ అవసరాలు. నేటి పరిశోధకుడికి అవే ఆర్థిక, సామాజిక చరిత్రకు ఆధారాలు.

ఆధునిక పర్యాటకుడి ప్రయాణం ఇందుకు భిన్నమైనది. అతనికి ఉన్నది రెండు రోజుల కాలం. చూడవలసిన కట్టడాల జాబితా, తినవలసిన పదార్థాల జాబితా ముందే సిద్ధంగా ఉంటాయి. ఈ రెండు జాబితాలు ఒకదానితో ఒకటి కలవవు. కట్టడం చరిత్రకు, భోజనం వినోదానికి చెందుతాయన్న విభజన వాటిలో అంతర్లీనంగా ఉంటుంది. మ్యూనిక్ విషయంలో ఈ విభజన నిలవదు. అక్కడ బీరు ధర రాజశాసనంలో ఉంది. బీరు ఆదాయం యుద్ధానికి వెచ్చమైంది. బీరు ధర పెరిగితే ప్రజలు వీధుల్లోకి వచ్చారు. ఒక రాజవంశం పతనమైన రాత్రి విప్లవకారుల మండలి కూర్చున్నది బీరుశాలలో. ఐదేళ్ళ తర్వాత ప్రజాస్వామ్యం మీద సాయుధ దాడి మొదలైందీ బీరుశాలలోనే.

2. ఉప్పు సుంకంతో పుట్టిన నగరం:

మ్యూనిక్ పుట్టుకలోనే ఒక ఆహారపదార్థం ఉంది. అది ఉప్పు. ఆల్ప్స్ పర్వత ప్రాంతపు గనుల నుంచి పశ్చిమానికి వెళ్ళే ఉప్పు బండ్లు ఇసార్ నదిని ఫ్యోరింగ్ వద్ద దాటేవి. అక్కడి వంతెన సుంకం ఫ్రైసింగ్ బిషప్‌కు చెందేది. బవేరియా పాలకుడు హెన్రీ ఆ వంతెనను నాశనం చేసి, నదికి ఎగువన తన సొంత వంతెనను, అంగడిని నెలకొల్పాడు. వివాదం చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా ముందుకు వెళ్ళింది. 1158 జూన్ 14న ఆగ్స్‌బర్గ్‌లో వెలువడిన తీర్పు కొత్త అంగడిని గుర్తించి, ఆదాయంలో మూడో వంతు బిషప్‌కు ఇవ్వాలని నిర్దేశించింది. మ్యూనిక్ నేటికీ తన జన్మదినంగా పాటించేది ఈ తీర్పు తేదీనే. నగరం పేరుకు 'సన్న్యాసుల దగ్గర' అని అర్థం చెబుతారు.

1180లో బవేరియా విట్టెల్స్‌బాఖ్ వంశానికి దక్కింది. 1255 నుంచి మ్యూనిక్ ఆ వంశీయులకు నివాసనగరమైంది. 1918 వరకు వారే పాలించారు. నగరం నడిబొడ్డున ఉన్న మారియన్‌ప్లాట్జ్ కూడలిలో 1638లో ప్రతిష్ఠించిన మేరీమాత స్తంభం కనిపిస్తుంది. ముప్ఫై సంవత్సరాల యుద్ధకాలంలో స్వీడన్ సైన్యం ఆక్రమించినా నగరం ధ్వంసం కాకుండా మిగిలినందుకు కృతజ్ఞతగా దాన్ని నిలిపారు. కూడలికి ఆ పేరు మాత్రం 1854లో వచ్చింది. అంతకు ముందు దాని పేరు ష్రానెన్‌ప్లాట్జ్, అంటే ధాన్యపు అంగడి. నేడు సందర్శకులు గోతిక్ శైలి నగరసభా భవనాన్ని తలెత్తి చూసే చోట ఒకప్పుడు గోధుమలు, బార్లీ బేరమాడేవారు. బీరుకు మూలమైన ధాన్యం, రొట్టెకు మూలమైన ధాన్యం ఒకే కూడలిలో పక్కపక్కన ఉండేవి. తర్వాతి చరిత్రకు ఈ పొరుగుతనం ముఖ్యం.

3. 1516 శాసనం - ధాన్యం, ధర:

1516 ఏప్రిల్ 23న ఇంగోల్‌స్టాట్‌లో బవేరియా డ్యూకులు నాలుగో విల్‌హెల్మ్, పదో లూడ్విగ్ ఒక ఉత్తర్వు జారీ చేశారు. బీరు తయారీకి బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదీ వాడరాదని అందులో ఉంది. 'శుద్ధతా శాసనం'గా నేడు ప్రసిద్ధమైన ఈ ఉత్తర్వును బీరు సీసాల మీద, ప్రకటనల్లో సగర్వంగా పేర్కొంటారు. మ్యూనిక్ నగరానికి పరిమితమైన ఇటువంటి నిబంధన 1487లోనే ఉంది.

అయితే ఉత్తర్వు పాఠాన్ని పరిశీలిస్తే అది ప్రధానంగా ధరల శాసనమని తెలుస్తుంది. సెయింట్ మైకేల్ పండుగ నుంచి సెయింట్ జార్జి పండుగ వరకు, అంటే సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 వరకు, ఒక 'మాస్' బీరు ఒక పెనింగ్‌కు మించరాదు. మిగిలిన కాలంలో రెండు పెనింగ్‌లకు మించరాదు. 'మాస్' అంటే లీటరుకు కాస్త పైబడిన నాటి కొలత. నేటి బీరుశాలల్లో ఆ పేరుతో ఇచ్చేది సరిగ్గా ఒక లీటరు. పదార్థాల గురించిన వాక్యం ఈ ధరల నిబంధనల తర్వాత వస్తుంది. ఉల్లంఘించిన వారి పీపాలను జప్తు చేయాలని శిక్ష కూడా ఉంది.

బార్లీని మాత్రమే అనుమతించడం వల్ల గోధుమలు రొట్టెలకు మిగులుతాయి. కరవుకాలంలో ధాన్యం ధరను అదుపులో ఉంచడం పాలకుడికి శాంతిభద్రతల సమస్య. అందువల్ల ఈ శాసనాన్ని రుచికి సంబంధించినదిగా మాత్రమే చూడటం అసంపూర్ణమవుతుంది. ఈస్ట్ ప్రస్తావన అందులో లేదు. పులియడానికి కారణమైన సూక్ష్మజీవుల గురించిన శాస్త్రజ్ఞానం అప్పటికి లేదు. 'శుద్ధతా శాసనం' అనే పేరు కూడా 1918లో బవేరియా శాసనసభ చర్చల్లో వినిపించిన మాట. నాలుగు వందల ఏళ్ళ పాత ఉత్తర్వుకు ఆధునిక కాలం పెట్టిన పేరు అది. 1906లో ఈ నియమం జర్మన్ సామ్రాజ్యం అంతటికీ విస్తరించింది. దీన్ని అడ్డుపెట్టుకొని ఇతర దేశాల బీరు దిగుమతిని నిరోధించడం చెల్లదని 1987లో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. శుద్ధి అనే భావన వాణిజ్యరక్షణ సాధనంగా కూడా పనిచేసిందని ఈ తీర్పు వల్ల స్పష్టమవుతుంది.

4. హోఫ్‌బ్రాయ్‌హౌస్ - రాజు నడిపిన వ్యాపారం:

మారియన్‌ప్లాట్జ్ నుంచి కొద్ది నిమిషాల నడకలో హోఫ్‌బ్రాయ్‌హౌస్ వస్తుంది. ఆ పేరుకు 'ఆస్థాన బీరు తయారీశాల' అని అర్థం. 1589లో డ్యూక్ ఐదో విల్‌హెల్మ్ దీన్ని స్థాపించాడు. ఆస్థానానికి కావలసిన మేలిరకం బీరును ఉత్తర జర్మనీలోని ఐన్‌బెక్ వంటి ఊళ్ళ నుంచి తెప్పించేవారు. ఆ ఖర్చు తగ్గించుకోవడం స్థాపనకు కారణం. తర్వాత ఐన్‌బెక్ బీరునే మ్యూనిక్‌లో తయారు చేయించారు. ఆ ఊరి పేరు బవేరియా నాలుక మీద అరిగి 'బాక్' అయింది. నేడు బాక్ బీరు సీసాల మీద కనిపించే మేక బొమ్మకు మూలం ఈ ఉచ్చారణ మార్పే. ఆ పదానికి జర్మన్‌లో మేకపోతు అనే అర్థం కూడా ఉంది.

విల్‌హెల్మ్ కుమారుడు మొదటి మాక్సిమీలియన్ కాలంలో అసలైన మలుపు వచ్చింది. గోధుమలతో బీరు చేయరాదన్న నియమానికి ఒక ప్రభు కుటుంబం మినహాయింపు పొంది ఉండేది. డేగెన్‌బెర్గ్ కుటుంబపు ఆ హక్కు వారసులు లేక 1602లో పాలకుడికి దక్కింది. మాక్సిమీలియన్ గోధుమ బీరును తన గుత్తాధికారంగా మార్చుకున్నాడు. 1607లో నేటి స్థలంలో కొత్త తయారీశాల కట్టించాడు. ప్రజలకు నిషిద్ధమైన ధాన్యంతో పాలకుడు బీరు చేసి ప్రజలకే అమ్మడం ఈ వ్యవస్థ స్వరూపం. ముప్ఫై సంవత్సరాల యుద్ధంలో బవేరియా ఖజానాకు ఈ ఆదాయం ఆసరా అయింది. శుద్ధతా శాసనానికి తొలి పెద్ద మినహాయింపును రాజ్యమే తీసుకున్నదన్న సంగతి ప్రకటనల్లో కనిపించదు.

1828లో రాజు మొదటి లూడ్విగ్ సాధారణ ప్రజలు లోపల కూర్చొని తాగేందుకు హోఫ్‌బ్రాయ్‌హౌస్‌ను తెరిచాడు. 1890ల చివర్లో తయారీ నదికి ఆవలి ఒడ్డుకు తరలింది. పాత స్థలంలో ప్రస్తుత రూపంలోని భోజన, సభాశాలలు వెలిశాయి. రెండో ప్రపంచయుద్ధపు బాంబుదాడుల్లో భవనంలో చాలా భాగం కూలిపోయింది. పునర్నిర్మించిన ఉత్సవశాల 1958లో తెరుచుకుంది. కమానుల కింద కూర్చొని సందర్శకుడు చూసే ప్రాచీనతలో గణనీయమైన భాగం యుద్ధానంతర నిర్మాణమే. సంస్థ ఇప్పటికీ బవేరియా రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి. రాజవంశం పోయినా రాజ్యం బీరు వ్యాపారాన్ని వదులుకోలేదు.

5. మఠాల బీరు:

రాజ్యంతో పాటు మఠాలు కూడా బీరు తయారీలో భాగస్వాములు. అగస్టీనియన్ మఠానికి చెందిన తయారీశాల తన ఆరంభాన్ని 1328గా చెప్పుకుంటుంది. 1803లో రాజ్యం మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకున్నప్పుడు అది మఠం చేజారింది. 1817లో నాయ్‌హౌజర్ వీధికి మారింది. ఆ మఠపు చర్చిలో ప్రస్తుతం వేట, చేపలవేటల మ్యూజియం ఉంది. పౌలానర్ సన్న్యాసుల బీరు గురించిన తొలి లిఖిత ఆధారం 1634 నాటి ఫిర్యాదు. సన్న్యాసులు బీరు అమ్మి తమ పొట్ట కొడుతున్నారని నగర తయారీదారులు నగరసభకు మొరపెట్టుకున్నారు. ఒక సంస్థ తన ప్రాచీనతకు నిదర్శనంగా చూపే పత్రం ఒకప్పుడు దాని మీద పోటీదారులు చేసిన అభియోగం కావడం గమనార్హం. ఈస్టరుకు ముందరి ఉపవాసదినాల్లో ఘనాహారం మానిన సన్న్యాసులకు గాఢమైన బీరు పోషకమయ్యేది. వారి 'సాల్వటోర్' బీరు ఆ సంప్రదాయానికి చెందినది.

6. నేలమాళిగ, చెట్టునీడ, సద్దిమూట:

మ్యూనిక్ నగర స్వరూపాన్ని మార్చిన నిబంధన 1516 నాటిది కాదు. 1553లో వచ్చిన మరో ఉత్తర్వు వేసవిలో బీరు కాయడాన్ని నిషేధించింది. అనుమతించిన కాలం సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 వరకు మాత్రమే. ఎండకాలంలో కాచిన బీరు త్వరగా చెడిపోవడం, పొయ్యిల వల్ల అగ్నిప్రమాదాలు జరగడం ఇందుకు కారణాలుగా చెబుతారు. ఫలితంగా వేసవికి సరిపడే బీరును మార్చి నెలలోనే కొంచెం గాఢంగా తయారు చేసి నిల్వ ఉంచవలసి వచ్చింది. 'మెర్ట్సెన్' అంటే మార్చి బీరు అనే పేరు అలా వచ్చింది.

నిల్వకు చల్లదనం కావాలి. నగరం మధ్యలో లోతుగా తవ్వితే నీరు పడుతుంది. అందుచేత తయారీదారులు ఇసార్ నది తూర్పు ఒడ్డున ఎత్తైన గట్టును, పడమరన ఉన్న మిట్టలను ఎంచుకొని నేలమాళిగలు తవ్వించారు. శీతకాలంలో కోసిన మంచుగడ్డలను లోపల నింపారు. నేల వేడెక్కకుండా పైన కంకర పరిచి చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆ చెట్ల ఆకులు వెడల్పుగా ఉండి నీడ దట్టంగా పడుతుంది. వేళ్ళు లోతుకు పోకుండా పరుచుకుంటాయి కనుక కమానులకు హాని ఉండదు. మాళిగ పైనే బల్లలు వేసి బీరు అమ్మడం త్వరలోనే మొదలైంది. జనం ఊరి బయటి చెట్లనీడకు తరలిపోవడంతో నగరంలోని పూటకూళ్ళ యజమానులు వ్యాపారం పోయిందని ఆందోళన చెందారు.

1812 జనవరి 4న రాజు మొదటి మాక్సిమీలియన్ జోసెఫ్ ఇచ్చిన ఉత్తర్వు ఇరుపక్షాలకూ రాజీ కుదిర్చింది. నేలమాళిగల దగ్గర బీరు, రొట్టె అమ్ముకోవచ్చు. ఇతర ఆహారం అమ్మరాదు. జనం దీనికి తమ పద్ధతిలో పరిష్కారం కనుక్కున్నారు. ఇంటి నుంచి సద్ది తెచ్చుకున్నారు. ముల్లంగిని సన్నని చక్రాలుగా తరిగి ఉప్పు చల్లుకొని తినడం, పండిన మెత్తని జున్నును వెన్న, ఎర్రమిరప పొడితో కలిపి చేసే 'ఒబాట్స్‌డా'ను ఉప్పుబిళ్ళలద్దిన ప్రెట్సెల్ రొట్టెతో నంజుకోవడం బీరుతోట భోజనంలో భాగమయ్యాయి. తినుబండారాల అమ్మకంపై నిషేధం తర్వాత తొలగింది. సద్ది తెచ్చుకునే హక్కు మాత్రం మిగిలింది. నేటి బీరుతోటల్లో గుడ్డ పరచని బల్లలు ఆ హక్కుకు గుర్తు.

ఈ హక్కు విలువ ఎంతటిదో 1995లో తెలిసింది. నగర శివారులోని ఒక బీరుతోటను రాత్రి త్వరగా మూయాలని పొరుగువారి ఫిర్యాదుపై న్యాయస్థానం ఆదేశించింది. మే నెలలో వేలాది మంది మ్యూనిక్‌లో నిరసన ప్రదర్శన చేశారు. బవేరియా ప్రభుత్వం బీరుతోటలకు ప్రత్యేక నియమావళిని తెచ్చింది. 1999 నాటి సవరించిన నియమావళి బీరుతోటకు చెప్పిన లక్షణాలు రెండు: అది ఆరుబయట తోటలా ఉండాలి, అక్కడ సొంత ఆహారం తెచ్చుకొని తినే వీలుండాలి. వ్యాపారుల మధ్య తగాదా తీర్చడానికి పుట్టిన షరతు రెండు శతాబ్దాలు తిరగకముందే సాంస్కృతిక నిర్వచనంగా మారింది. ధనిక, పేద తేడా లేకుండా అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చునే వీలు ఆ నిర్వచనంలోని సామాజిక సారం.

7. అంగడి, తెల్ల సాసేజి, శీతలయంత్రం:

మారియన్‌ప్లాట్జ్ ఇరుకైపోవడంతో 1807లో రాజాజ్ఞ మేరకు కూరగాయలు, మాంసం, జున్ను అమ్మేవారిని పక్కనున్న ఖాళీ స్థలానికి తరలించారు. అదే విక్టువాలియన్‌మార్క్ట్. ఆహారపదార్థాలు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. అంగడి మధ్యలోని బీరుతోటలో నగరంలోని ఆరు పెద్ద తయారీశాలల బీరును వంతులవారీగా పోస్తారు. అగస్టీనర్, హాకర్-ప్షోర్, హోఫ్‌బ్రాయ్, లోవెన్‌బ్రాయ్, పౌలానర్, స్పాటెన్ ఆ ఆరు. 1810లో యువరాజు లూడ్విగ్, థెరేసాల వివాహం సందర్భంగా జరిగిన గుర్రప్పందెం నుంచి పెరిగిన అక్టోబరు ఉత్సవంలో కూడా బీరు అమ్మే అర్హత నగర తయారీశాలలకే ఉంది.

మ్యూనిక్ అల్పాహారంలో ప్రసిద్ధమైనది తెల్ల సాసేజి. దూడమాంసం, పంది కొవ్వు, పార్స్‌లీ ఆకులతో చేసి వేడినీటిలో ఉంచి తోలు తీసి తియ్యని ఆవపిండితో తింటారు. 1857లో మారియన్‌ప్లాట్జ్‌లోని ఒక పూటకూటింట ఇది అనుకోకుండా పుట్టిందన్న కథ ప్రచారంలో ఉంది. ఆ కథ నిజానిజాల కన్నా మధ్యాహ్నపు గంట వినకముందే తినాలన్న ఆచారం చరిత్రకారుడికి ఎక్కువ ఉపయోగకరం. ఉప్పుతోగాని పొగతోగాని నిల్వచేయని పచ్చి మాంసం వేసవిలో పూట గడిస్తే చెడిపోతుంది. ఆచారంగా మిగిలినది ఒకప్పటి జాగ్రత్త.

ఆ జాగ్రత్తను అనవసరం చేసిన ఆవిష్కరణ కూడా ఈ నగరానిదే. మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలో అధ్యాపకుడైన కార్ల్ లిండె రూపొందించిన శీతలయంత్రాన్ని 1870ల్లో స్పాటెన్ తయారీశాలలో పరీక్షించారు. యజమాని గాబ్రియేల్ జెడ్‌ల్‌మేయర్ అందుకు ప్రోత్సాహకుడు. ఇతడు యువకుడిగా 1833లో ఇంగ్లండు తయారీశాలలను సందర్శించి, బోలుగా చేయించిన చేతికర్రలో బీరు నమూనాలను రహస్యంగా సేకరించినవాడు. కొద్దిరోజుల సందర్శన కూడా పరిశ్రమను మార్చగలదనడానికి అది ఉదాహరణ. యంత్రం వచ్చాక ఏడాది పొడవునా బీరు చేయడం సాధ్యమైంది. మంచుగడ్డల అవసరం తీరింది. నేలమాళిగల పైనున్న స్థలాలు మాత్రం జనానికి అలవాటై ఉన్నాయి. పెద్ద తయారీశాలలు అక్కడ వేలమంది పట్టే శాలలు కట్టించాయి. 'కెల్లర్' అనే మాటకు అర్థం నేలమాళిగ. ఆ పేరు పైకట్టడాలకు మిగిలిపోయింది.

8. ధర పెరిగిన రోజు:

బీరు మీద వచ్చే పన్ను 19వ శతాబ్దంలో బవేరియా ఖజానాకు ముఖ్యాధారం. 1871లో జర్మన్ సామ్రాజ్యంలో చేరినప్పుడు కూడా బీరు పన్ను హక్కును బవేరియా తనకే నిలుపుకుంది. ఆ ఆదాయంలో రాజ్యానికి ఉన్న బలంతో పాటు బలహీనత కూడా ఉంది. 1844 మే మొదటివారంలో బీరు ధర పెరగగానే కార్మికులు, సామాన్యులు తయారీశాలల మీద దాడిచేసి కిటికీలు, సామాను పగలగొట్టారు. సైనికులు కూడా జనాన్ని అణచడానికి ఉత్సాహం చూపలేదు. చివరికి రాజు మొదటి లూడ్విగ్ ధర తగ్గించవలసి వచ్చింది. ఇంగ్లండులోని చార్టిస్టు పత్రిక నార్తర్న్ స్టార్‌లో ఫ్రెడరిక్ ఏంగెల్స్ ఈ ఘటన గురించి రాశాడు. ఇంత చిన్న విషయంలో ప్రభుత్వాన్ని భయపెట్టగలమని తెలుసుకున్న ప్రజలు పెద్ద విషయాల్లోనూ అదే చేయగలరన్నది అతని అభిప్రాయం. నాలుగేళ్ళ తర్వాత, 1848లో, అదే లూడ్విగ్ సింహాసనాన్ని వదులుకున్నాడు. అందుకు కారణాలు వేరు. అయినా ధరను శాసించే రాజు ధరకే జవాబుదారీ అవుతాడని 1516 శాసనం వల్ల ఏర్పడిన సంబంధం 1844లో తలకిందులైన రూపంలో కనిపిస్తుంది.

9. సభాశాలలుగా బీరుశాలలు (1918-1939):

వేలమంది కూర్చోగల పైకప్పున్న స్థలం 20వ శతాబ్దారంభపు మ్యూనిక్‌లో బీరుశాలల్లోనే సులభంగా అద్దెకు దొరికేది. అన్ని పక్షాలూ వాటిని వాడుకున్నాయి. 1918 నవంబరు 7న థెరేసా మైదానంలో శాంతి కోసం జరిగిన భారీ సభ తర్వాత కుర్ట్ ఐస్నర్ నాయకత్వంలోని విప్లవకారులు సైనిక స్థావరాల మీదుగా సాగి, ఆ రాత్రి మాథేజర్ బీరుశాలలో కార్మిక, సైనిక మండలిని ఏర్పరచారు. రాజు మూడో లూడ్విగ్ నగరం విడిచి వెళ్ళాడు. బవేరియా గణరాజ్యమైంది. ఐస్నర్ 1919 ఫిబ్రవరి 21న హత్యకు గురయ్యాడు.

1920 ఫిబ్రవరి 24న హోఫ్‌బ్రాయ్‌హౌస్ ఉత్సవశాలలో దాదాపు రెండు వేల మంది ముందు హిట్లర్ తన పక్షపు 25 అంశాల కార్యక్రమాన్ని ప్రకటించాడు. యూదులకు పౌరసత్వం నిరాకరించాలన్నది అందులో ఒకటి. 1923 నవంబరు 8న ఇసార్ తూర్పు గట్టుమీది బ్యుర్గర్‌బ్రాయ్‌కెల్లర్‌లో బవేరియా పాలనాధికారి గుస్తావ్ కార్ ప్రసంగిస్తుండగా హిట్లర్ సాయుధులతో చొరబడి తిరుగుబాటు ప్రకటించాడు. మర్నాడు ఊరేగింపు ఓడియన్‌ప్లాట్జ్‌లోని ఫెల్డ్‌హెర్న్‌హాలె దగ్గర పోలీసుల కాల్పులతో చెదిరిపోయింది. నలుగురు పోలీసులు కూడా మరణించారు.

1933 తర్వాత బ్యుర్గర్‌బ్రాయ్‌కెల్లర్ ఏటా నవంబరు 8న పాలకపక్షపు స్మారకసభకు వేదిక అయింది. ఆ ఆనవాయితీని గమనించిన వడ్రంగి గియోర్గ్ ఎల్జర్ 1939లో వరుస రాత్రులు ఆ శాలలో దాగి, వేదిక వెనుక స్తంభంలో గడియారపు బాంబు అమర్చాడు. పేలుడుకు 13 నిమిషాల ముందే హిట్లర్ వెళ్ళిపోయాడు. ఎనిమిదిమంది మరణించారు. ఎల్జర్‌ను 1945 ఏప్రిల్ 9న డాఖావ్ నిర్బంధ శిబిరంలో చంపారు.

బీరు పరిశ్రమలోని వ్యక్తుల మీద ఈ కాలపు దెబ్బ నేరుగా పడింది. యూదుడైన జోసెఫ్ ష్యూలైన్ 1895లో యూనియన్ తయారీశాలను స్థాపించి పెంచాడు. 1921లో అది లోవెన్‌బ్రాయ్‌తో విలీనమైంది. అతని కుమారుడు హెర్మన్ ఆ సంస్థ నిర్వహణలో ప్రముఖుడు. నాజీ పత్రికలు, అనుచరులు లోవెన్‌బ్రాయ్‌ను 'యూదుల బీరు' అని దూషించారు. జోసెఫ్ 1938లో కల్టెన్‌బెర్గ్‌లో మరణించాడు. హెర్మన్ అమెరికాకు వలసపోయి న్యూయార్కులో మళ్ళీ బీరు పరిశ్రమలోనే రాణించాడు. నగరం గర్వించే పానీయాన్ని పెంచినవారిలో ఒకరిని అదే నగరం వెళ్ళగొట్టింది.

10. కనబడని కట్టడాలు:

సందర్శకుడి నడకదారిలో ఈ చరిత్ర ఎంత కనిపిస్తుంది అన్నది చివరి ప్రశ్న. బ్యుర్గర్‌బ్రాయ్‌కెల్లర్ 1979లో కూల్చివేతకు గురైంది. ఆ ప్రాంతంలో గాస్టైగ్ సాంస్కృతిక కేంద్రం, హోటలు, కార్యాలయ భవనాలు వచ్చాయి. ఎల్జర్ బాంబు పెట్టిన స్తంభం ఉన్న చోట నేలమీద ఒక ఫలకం ఉంది. మాథేజర్ బీరుశాల స్థలంలో సినిమాహాళ్ళ సముదాయం ఉంది. హోఫ్‌బ్రాయ్‌హౌస్ మాత్రం రోజూ కిటకిటలాడుతుంది. నిలిచిన కట్టడం ఉల్లాసానికి, లేని కట్టడం ఉపేక్షకు చిహ్నాలైనట్లు కనిపిస్తుంది.

దీనికి ప్రతిగా నగరం కొన్ని చిన్న గుర్తులను ఏర్పరచింది. నాజీ కాలంలో ఫెల్డ్‌హెర్న్‌హాలె పక్కన మృతులైన తిరుగుబాటుదారుల స్మారకం ఉండేది. దాని ముందు నడిచేవారు చేయి చాచి వందనం చేయాలి. అది ఇష్టంలేనివారు వెనుకనున్న విస్కార్డి సందులోంచి తిరిగి వెళ్ళేవారు. 1995లో ఆ సందు రాళ్ళ మధ్య కంచురంగు రాళ్ళ వంపురేఖను పొదిగారు. దాని మీద ఫలకం లేదు, పేరు లేదు. తల వంచి నేలను చూసినవారికే అది కనిపిస్తుంది. 1980 సెప్టెంబరు 26న అక్టోబరు ఉత్సవ ప్రవేశద్వారం వద్ద మితవాద తీవ్రవాది పెట్టిన బాంబుకు 12 మంది బలయ్యారు. దాడికి దిగినవాడూ మరణించాడు. ఈ దాడి వెనుక ఉన్న రాజకీయ ఉద్దేశాన్ని అధికారికంగా అంగీకరించడానికి 2020 దాకా పట్టింది. ఉత్సవపు ఆనందానికి భంగం కలగరాదన్న కోరిక స్మృతిని ఎంతకాలం ఆపగలదో ఈ నాలుగు దశాబ్దాలు చెబుతాయి.

11. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. మ్యూనిక్‌లో బీరుకు సంబంధించిన ప్రతి ప్రధాన శాసనం ధాన్యం, ధర, ఆదాయాలతో ముడిపడి ఉంది. 'శుద్ధి' అనే భావన ప్రాధాన్యం పొందింది ఆధునిక కాలంలోనే.

2. 1553 నాటి ఋతునిబంధన నేలమాళిగలకు, బీరుతోటలకు, వాటి మీదుగా సభాశాలలకు కారణమైంది. పానీయం నిల్వ కోసం ఎంచుకున్న గట్టులే తర్వాతి రాజకీయ స్థలాలయ్యాయి.

3. సద్ది తెచ్చుకోవడం, మధ్యాహ్నానికి ముందే సాసేజి తినడం వంటి ఆచారాలు పూర్వపు శాసనాలకు, సాంకేతిక పరిమితులకు మిగిలిన సజీవ ఆధారాలు.

4. బీరుశాలకు స్వతహాగా ఒక రాజకీయ స్వభావం లేదు. గణరాజ్యాన్ని ప్రకటించినవారు, దాన్ని కూల్చబోయినవారు, నియంతను అడ్డుకోజూసిన వడ్రంగి ఒకే రకపు శాలలను ఎంచుకున్నారు.

5. నగరపు రుచులు అవిచ్ఛిన్నంగా అందుతున్నాయి. వాటితో ముడిపడిన స్థలాలు, మనుషులు అలా అందడం లేదు. ష్యూలైన్ కుటుంబపు చరిత్ర, బ్యుర్గర్‌బ్రాయ్‌కెల్లర్ ఫలకం ఇందుకు నిదర్శనాలు.

రెండు రోజుల కాలం చరిత్రను గ్రహించడానికి చాలదన్నది సాధారణాభిప్రాయం. మారియన్‌ప్లాట్జ్ నుంచి అంగడికి, అక్కడినుంచి హోఫ్‌బ్రాయ్‌హౌస్‌కు, విస్కార్డి సందు మీదుగా ఓడియన్‌ప్లాట్జ్‌కు, చివరికి నది దాటి గాస్టైగ్ గట్టుకు నడవడానికి ఒక పూట చాలు. ఆ దారిలో ఎనిమిది శతాబ్దాల ఉప్పు, ధాన్యం, పన్ను, తిరుగుబాటు, హత్య, ప్రతిఘటన ఉన్నాయి. కొరవడుతున్నది వ్యవధి కాదు, గట్టు మీది ఆ చిన్న ఫలకం దాకా నడవాలన్న ఉద్దేశం. బీరుశాల బల్ల దగ్గర ఆగిపోయే నడక నగరపు రుచిని మాత్రమే ఇస్తుంది. నది దాటిన నడక ఆ రుచికి నగరం చెల్లించిన వెలను కూడా తెలియజేస్తుంది.